జనార్దన్ సేఠ్ టేకు నేల

బల్లార్షా,
మే 1991

చెల్లెలు ద్రౌపదికి అన్న సిద్ధరాములు దీవెనలు.

ఇక్కడ మేమంతా క్షేమం. మీ వదినకు మోకాళ్ల నొప్పి తగ్గింది, నోరు మాత్రం తగ్గలేదు. కాబట్టి ఇల్లు ఎప్పట్లాగే ఉందనుకో.

నిన్నొక మాట అడగడానికి రాస్తున్నాను. మొన్న మా కట్టె అడితి ముందు ఒక కారు ఆగింది. తెల్ల ధోవతి, చేతికి ఉంగరాలు. దిగుతూనే నన్ను చూసి "నువ్వు ద్రౌపది అన్నవు గదా" అన్నాడు. మీ దాజీ పేట్ జనార్దన్ సేఠ్.

తన పవర్‌లూమ్ కార్ఖానా పక్కనే కొత్త ఇల్లు కడుతున్నాడట. కింద అంతా షాబాద్ బండలు. పైన మాడీ మీద హాలుకు మాత్రం టేకు పలకల నేల కావాలట. బొంబాయిలో ఎవరో బట్టల వ్యాపారి ఇంట్లో చూశాడట. దసరాకు గృహప్రవేశం. వచ్చే ఎండాకాలం కొడుకు సాఖర్‌పుడా, అదే నిశ్చితార్థం, ఆ నేల మీదే జరిగి, చూసినవాళ్లు నోరు తెరవాలట. "పలకలు నువ్వే పంపాలె, నువ్వే వచ్చి కొట్టాలె. సోలాపూర్ల ఈ పని ఎరికైనోడు ఒక్కడు లేడు" అన్నాడు.

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అంటారు. ఈయన రెండూ ఒకే ఊపులో చూడాలనుకుంటున్నాడు. మాట్లాడినంతసేపూ మా బావ పేరు ఎత్తలేదు. అసలు రాజారాం అనే మనిషి పుట్టనే లేదన్నట్టు మాట్లాడాడు. నేను "చెల్లెను అడిగి చెప్త" అన్నాను. ఆయన నవ్వాడు. "పని నీది. ఆమెను అడిగేదేముంది?" అన్నాడు.

ఉంది కాబట్టి అడుగుతున్నాను. నువ్వు వద్దంటే వద్దు.

నీ అన్న
సిద్ధరాములు


దాజీ పేట్, సోలాపూర్,
మే 1991

అన్నకు ద్రౌపది నమస్కారాలు.

ఈ కాగితం మీద మరక తునికాకుది. కన్నీళ్లనుకునేవు. ఒళ్లో బీడీల చాట పెట్టుకునే రాస్తున్నాను.

ఒప్పుకో అన్నా. ఈ ఉత్తరం చదివిన వెంటనే ఒప్పుకో.

ఆ రోజు గుడి మండపంలో నువ్వు లేవు. వాళ్లూ వీళ్లూ చెప్పింది విన్నావు. నేను చూసింది ఇప్పుడు రాస్తాను. సేఠ్ గోడౌన్‌లోంచి నూలు తూచి ఇచ్చేవాడు, మీ బావ ఇంట్లో మగ్గం మీద తువ్వాళ్లు నేసి ఇచ్చేవాడు, ఆయన మళ్లీ తూచుకునేవాడు. ఆ ఏడు వానాకాలం బట్ట తూకానికి తక్కువ వచ్చింది. మరుసటి వారం మళ్లీ తక్కువ వచ్చింది. సేఠ్ పంచులను పిలిచి, నూలు దొంగ అని మీ బావను మండపంలో నిలబెట్టాడు.

మీ బావ ఏమన్నాడో నాకు అక్షరం అక్షరం గుర్తుంది. "సేఠ్, మీ గోడౌన్ గోడలు చెమరుస్తున్నయి. ఆడ నూలు నీళ్లు తాగి బరువెక్కుతది. నా ఇంట్ల పొయ్యి పక్కన నేసినంక ఎండుతది. పోయింది నీళ్లు, నూలు కాదు." దానికి సేఠ్ "గట్లయితే సీనా నదిని గూడ తెచ్చి తూకంల పెడుదమా?" అన్నాడు. అందరూ నవ్వారు. ఆ మండపంలో కూర్చున్న ప్రతి నేతగాడికీ మీ బావ చెప్పింది నిజమని తెలుసు. అందరికీ నూలు సేఠ్ దగ్గరే పుడుతుంది. ఎవరి కాలి వేళ్లు వాళ్లు చూసుకుంటూ కూర్చున్నారు. చివరికి మీ బావతోనే "తప్పయింది" అనిపించారు. పొయ్యి వెలగాలని ఆయన అనేశాడు.

ఆ మాట అన్నా పొయ్యి వెలగలేదు. దొంగ అన్న పేరు పడ్డాక పేటలో ఎవరూ నూలు ఇవ్వలేదు. పుట్టిన దగ్గర్నుంచి నీడలో కూర్చుని నేసిన మనిషి రోడ్డు పనికి పోయాడు. ఒక వేసవిలో తారు డబ్బా పక్కన కూలిపోయాడు. మగ్గం విప్పి అమ్మేశాను. బట్ట చుట్టుకునే పొడవాటి కర్ర, దోనె, ఒక్కటి ఉంచుకున్నాను. పొయ్యి పక్క గోడకు రెండు మేకులు కొట్టి వాటి మీద పెట్టాను. మన ఇళ్లలో మగ్గానికి పొరపాటున కాలు తగిలినా వంగి ముట్టి కళ్లకద్దుకుంటాం కదా, నేను రోజూ ఊరికే అద్దుకుంటాను.

ఇప్పుడు ఆ మనిషి తన కాళ్లతో నడిచి నీ చేతిలోకి వచ్చాడు. పుచ్చు పలకలు వెయ్యి. మేకులు వదులుగా కొట్టు. సాఖర్‌పుడా నాడు నలుగురి ముందు ఆ నేల నోరు తెరవాలి. ఆయన తల దించుకోవడం నేను చూడాలి. ఇంకేమీ అడగను నిన్ను.

నీ చెల్లెలు
ద్రౌపది


బల్లార్షా,
జూన్ 1991

చెల్లెలికి దీవెనలు.

పని ఒప్పుకున్నాను. నువ్వడిగింది మాత్రం చెయ్యను.

కోపం తెచ్చుకోకు. నా కడుపు మాత్రం మండటం లేదా? కానీ పుచ్చు పలక వేస్తే అది పుచ్చు పలకే. "సిద్ధరాములు దొంగ పని చేసిండు" అంటారు, అది నిజమే అవుతుంది. బావ మీద వేసిన పేరు అబద్ధం. నా మీద పడే పేరు నిజం కాకూడదు.

అడితిలో రెండేళ్లు నీడన ఎండిన టేకు ఏరి కోయించాను. వేలితో కొడితే గణగణ మోగుతోంది. వానలు మొదలయ్యాక లారీ బయల్దేరుతుంది, తడవకుండా పైన తాటిపత్రీ గట్టిగా కట్టిస్తాను. ఇక్కడి నుంచి పని నీది.

కొట్టేసిన కట్టె చచ్చిపోయిందనుకుంటారు. అది గాలి పీలుస్తూనే ఉంటుంది. తడి గాలికి ఒళ్లు చేస్తుంది, పొడి గాలికి చిక్కిపోతుంది. అందుకే ఏ గదిలో పరుస్తామో ఆ గదిలోనే ముందు నెల రోజులైనా ఉంచాలి. కింద బద్దలు వేసి, వరుసకూ వరుసకూ మధ్య మళ్లీ బద్దలు వేసి, అన్ని వైపులా గాలి తగిలేట్టు పేర్చాలి. గోడల గిలాబు పూత ఆరి ఉండాలి. కిటికీలు తెరిచి ఉండాలి. అత్తారింట్లో అడుగుపెట్టిన కోడలికి ఆ ఇంటి తీరు తెలియడానికి నాలుగు రోజులు ఇవ్వమూ? ఇదీ అంతే. అది ఆ గదికి అలవాటు పడ్డాకే మేకు కొట్టాలి. ముందే కొడితే తర్వాత అది చేసే గోలను ఏ వడ్రంగీ ఆపలేడు.

ఇదంతా సేఠ్‌కు చెప్పాను. తల ఊపాడు. ఆయన తల ఊపడం మీద నాకు నమ్మకం లేదు. నీ ఇంటి వెనక గోడా కార్ఖానా గోడా ఒకటే కదా. కళ్లు అటు వేసి ఉంచు. పలకలు మాడీ మీద కాకుండా ఇంకెక్కడైనా పెట్టారంటే నాకొక కార్డు ముక్క రాయి, వచ్చి సరిచేస్తాను.

నీ అన్న
సిద్ధరాములు


దాజీ పేట్, సోలాపూర్,
ఆగస్టు 1991

అన్నకు నమస్కారాలు.

నీ లారీ వచ్చింది. పలకలు దించుతుంటే పేటంతా పని మానుకుని చూసింది. సుందరాబాయి, అదే సేఠ్ భార్య, ఒక్కొక్క పలకనూ కొత్త చీర ముట్టుకున్నట్టు ముట్టుకుంది. ఆమె మంచి మనిషి. ఆయనకు ఎలా దొరికిందో దేవుడికే తెలియాలి.

మాడీకి ఇంకా తలుపులు పెట్టలేదు. అందుకని సేఠ్ కట్టెను తాళం ఉన్న చోట పెట్టించాడు. "ఈ పేటంత దొంగలే, పొద్దుగాల లేచేసరికి ఒక్క పలక మిగలది" అన్నాడట. చేసుకున్నవాడికి చేసుకున్నంత. తాళం పెద్దది. కట్టె భద్రంగా ఉంది. దాని గురించి నువ్వు దిగులు పెట్టుకోకు.

ఇక్కడ వానలు అంతంత మాత్రమే. అయినా కార్ఖానాలో పోగు తెగకూడదని పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం నేల మీద నీళ్లు చల్లుతూనే ఉంటారు. నా వైపు గోడ ఎప్పుడు ముట్టుకున్నా చెమటే. తునికాకును ఆ గోడకు ఆనించి పెడితే చాలు, తడపకుండానే మెత్తబడుతోంది. నాకు అదొక లాభం.

కార్డు రాయమన్నావు. రాయడానికి ఏమీ లేదు అన్నా. దసరా ముందు రా. నీకిష్టమని పల్లీల శేంగా చట్నీ దంచి పెడతాను.

నీ చెల్లెలు
ద్రౌపది


బల్లార్షా,
అక్టోబర్ 1991

చెల్లెలికి దీవెనలు.

క్షేమంగా చేరాను. రైల్లో కూర్చోవడానికి చోటు దొరకలేదు, నీ చట్నీ డబ్బా మీద మాత్రం ఎవర్నీ చెయ్యి వెయ్యనివ్వలేదు.

పని అయిపోయింది. సేఠ్ అందరి ముందూ నాకు చాదర్ కప్పి మెచ్చుకున్నాడు. ఆ చాదర్ ఇంకా మడత విప్పలేదు.

నీ ఇంట్లో ఉన్నన్నాళ్లూ రోజూ రొట్టె వడ్డిస్తూ నా మొహంలోకి చూశావు. నేనూ నీ మొహంలోకి చూశాను. ఆ పలకలు ఎలా ఉన్నాయని నువ్వు అడగలేదు, నేను చెప్పలేదు. సరే, ఇప్పుడు కూడా వద్దు.

బావ దోనెకు చెద పట్టకుండా నూనె రాసి వచ్చాను. అది మన నాయన దగ్గరుండి కోయించిన టేకు. మీ ఇంటి గాలికి ఇన్నేళ్లుగా ఎండి ఇనుమైంది. ఎవరు అడిగినా ఇవ్వకు.

నీ అన్న
సిద్ధరాములు


దాజీ పేట్, సోలాపూర్,
ఏప్రిల్ 1992

అన్నా,

నేల నోరు తెరిచింది. ఒక్క ముక్క వదలకుండా రాస్తాను, కూర్చుని చదువు.

శివరాత్రి చలి పోయాక మొదలైంది. మధ్యాహ్నం ఎండ ఎక్కేసరికి మాడీ మీద టప్ టప్ అని చప్పుళ్లు. దయ్యమేమోనని సుందరాబాయి నిమ్మకాయలు కట్టించింది. తర్వాత పలకల మధ్య సన్నని గీతలు కనిపించాయి. ఉగాదికి అవి గీతలు కావు, సందులు. సేఠ్ ఎవర్నీ పైకి రానివ్వకుండా నేలంతా చాదర్లు పరిపించాడు. మన సోలాపూర్ చాదర్ ఏ లోపాన్నైనా కప్పుతుందనుకున్నాడేమో.

నిన్న సాఖర్‌పుడా. భీవండి నుంచి పిల్ల తరఫు వాళ్లు వచ్చారు. పూరణ్ పోళీలు, అవే బొబ్బట్లు, చెయ్యడానికి సుందరాబాయి నన్ను పిలిచింది. మాడీ కింది గదిలో కూర్చుని పిండి ఒత్తుతున్నాను. ఆ గదికి పైకప్పు వేరే లేదు, నీ పలకలే కదా. పైన పిల్ల తండ్రి అంటున్నాడు, "చాదర్లు తియ్యుండ్రి సేఠ్, మీ టేకు నేల పేరు భీవండి దాక వినబడ్డది." సేఠ్ ఏవో సాకులు చెప్పాడు. వాళ్ల కుర్రాళ్లు నవ్వుతూ వాళ్లే తీసేశారు. చాదర్లు పోయాయి, నా పిండి మీద ఎండ చారలు పడ్డాయి. ముహూర్తం మించిపోతుందని పురోహితుడు తొందరపెడితే అందరూ అక్షతలు వేశారు. వేసినవి వేసినట్టు సందుల్లోంచి కిందికి రాలాయి. నా నెత్తి మీద, భుజాల మీద, పిండి మీద పసుపు బియ్యం. మీ బావ పోయాక నా నెత్తిన అక్షతలు పడటం ఇదే మొదలు. కింద ఉన్న ఆడవాళ్లు ముఖాలు చూసుకున్నారు. నేను దులుపుకోలేదు.

నా కడుపు చల్లబడింది అన్నా. అబద్ధం ఎందుకు చెప్పాలి? చల్లటి మజ్జిగ తాగినట్టయింది.

ఆ తర్వాత సేఠ్ గొంతు వినిపించింది. "ఆ సిద్ధరాములు పచ్చి కట్టె అంటగట్టిండు! మంచి టేకు దాసుకుని నాసి టేకు కొట్టిండు. వాళ్ల బావ నూలు తిన్నడు, వీడు కట్టె తిన్నడు. దొంగల ఖాన్‌దాన్!" పిల్ల తండ్రి ఒకటే మాట అన్నాడు. పెళ్లి జ్యేష్ఠంలో. ఆ లోపల నేల బాగైతే పందిరి ఇక్కడ, కాకపోతే భీవండిలో. అంటే సేఠ్ పరువు పేటలోంచే లేచిపోయినట్టు.

ఇది ఆయనకు జరిగింది. నీకు జరిగింది కూడా రాయాలి. పలకలు మాడీ మీద పెట్టలేదు అన్నా. కార్ఖానాలో, తడి నేల మీద, బద్దలు లేకుండా, దసరా దాకా ఒకదాని మీద ఒకటి పడి ఉన్నాయి. నేను రోజూ చూశాను. తాళం ఉన్న చోట అని రాశాను గానీ అది ఏ చోటో కావాలనే నీకు రాయలేదు. ఆయన దొంగల భయమే ఆయన కట్టెను పాడుచేస్తుంటే నేనెందుకు అడ్డం పడాలి అనుకున్నాను. ఆ దెబ్బ నీ పేరు మీద కూడా పడుతుందని ఆలోచించలేదు. ఆలోచించినా రాసేదాన్ని కాదేమో. కొంతం చౌక్ దాకా ఇప్పుడు నీ పేరే చెప్పుకుంటున్నారు. తిట్టాలనుంటే తిట్టు. ఆయన మీద మాత్రం నాకు జాలి పుట్టదు.

నీ చెల్లెలు
ద్రౌపది


బల్లార్షా,
ఏప్రిల్ 1992

చెల్లెలికి దీవెనలు.

తిట్టను. మొదటి పలక ఎత్తగానే నాకు తెలిసింది.

నేను పంపిన కట్టె బరువు నా భుజానికి తెలుసు. కార్ఖానాలోంచి ఇద్దరు మోసుకొస్తున్నది ఒక్కడు మోసేది. కొడితే మోగలేదు, పిడకను కొట్టినట్టుంది. నీ దగ్గర్నుంచి కార్డు ఎందుకు రాలేదో కూడా అప్పుడే తెలిసింది. నా చెల్లెలు నాకు తెలియదా?

అయినా దొంగ పని చెయ్యనని నీకు రాశాను, చెయ్యలేదు. ఇల్లు చూడటానికి ఆ పొద్దున నలుగురు పంచులు వచ్చి ఉన్నారు. వాళ్ల ముందే చెప్పాను. "సేఠ్, కట్టె నీళ్లు తాగింది. ఇప్పుడు కొడితే ఎండాకాలం సందులు పడ్తయి. మాడీ మీద పేర్చి వదిలెయ్యిండ్రి, సంక్రాంతి దాటినంక వచ్చి కొడ్త. మళ్ల రానుపోను ఖర్చు గూడ వద్దు." దానికి ఆయన ఏమన్నాడో తెలుసా? పంచుల వైపు తిరిగి నవ్వాడు. "ఇన్నరా? నీళ్లతోని బరువు పెరుగుడు, నీళ్లు పోతె తగ్గుడు! బావ చెప్పిన దొంగ మాటే బామ్మర్ది చెప్తున్నడు. కట్టె కట్టెనే, నూలు నూలే. దసరాకు నా గృహప్రవేశం. కొట్టు!"

ఆ మాట విన్నాక సుత్తె తీసుకున్నాను ద్రౌపదీ. నా జీవితంలో అంత శ్రద్ధగా ఏ పనీ చెయ్యలేదు. ఒక్క పుచ్చు లేదు, ఒక్క మేకు వంకర లేదు. గోడ నుంచి గోడకు బిగించి కొట్టాను. అయిపోయాక సేఠ్ ఒక నూలు పోగు తెప్పించి, పలకకూ పలకకూ మధ్య దూర్చి చూశాడు. దూరలేదు. "పోగు గూడ పట్టలె! చూసిండ్రా?" అని పంచులందరికీ చూపించాడు. అప్పుడే చాదర్ కప్పింది. నీ ఇంట్లో రొట్టె తింటూ ఇదంతా నోటి దాకా వచ్చింది. చెబితే నువ్వు ఎండాకాలం దాకా నోరు మూసుకోలేవని చెప్పలేదు.

ఇప్పుడు విను. ఆయన నన్ను దొంగ అంటున్నాడు. అననీ. దసరా నాడు పోగు పట్టని నేలలో ఇప్పుడు బియ్యం రాలుతున్నాయి. మధ్యలో ఎవరూ ఒక్క మేకు ఊడదియ్యలేదు. తాళం ఆయనది, ఇల్లు ఆయనది. మేకులు కొట్టిన పలకను అంచు చెక్కి ఎత్తుకుపోయే దొంగ ఎక్కడున్నాడు? ఇది ఇంట్లో అడగకు. అదే మండపంలో, అదే పంచులను కూర్చోబెట్టి అడుగు.

నేల బాగవుతుంది. ఇప్పుడు కట్టె ఎండింది, ఆ ఇంటికి అలవాటు పడింది. మేకులు తీసి పలకలను ఒకదానికొకటి నెడితే సందులన్నీ కలిసి తలుపు ఉన్న గోడ పక్కన నాలుగు వేళ్ల వెడల్పు ఖాళీ మిగులుతుంది. దానికి ఎండిన పట్టీ వేస్తే మనవల కాలం దాకా కదలదు. కానీ సేఠ్ ఆ మండపంలో నిలబడి, బావ పేరు పెట్టి, బావ దొంగ కాదని చెప్పేదాకా నేను సుత్తె ముట్టను. కార్లు పంపినా రాను. ఆయనకు చెప్పు.

నీ అన్న
సిద్ధరాములు


దాజీ పేట్, సోలాపూర్,
మే 1992

అన్నకు నమస్కారాలు.

నిన్ను కాదని సేఠ్ పుణె నుంచి ఒక మేస్త్రీని పిలిపించాడు. అతను నేల మీద చెయ్యి పెట్టి చూసి, "కొట్టినోడు పనిమంతుడు. ఎండబెట్టనియ్యకుంట కొట్టించినోడే తెలివితక్కువోడు" అని చాయ్ తాగి పోయాడు. తర్వాత సుందరాబాయి నా ఇంటికి వచ్చింది. పెళ్లి భీవండికి పోతే తాను తలెత్తుకోలేనంది. నీ మాట చెప్పాను. నిన్న మండపంలో కూర్చున్నారు.

పంచులు వాళ్లే. మీ బావ నిలబడిన చోట నేను నిలబడ్డాను. నువ్వు రాసినట్టే అడిగాను. "సేఠ్, దసరా నాడు పోగు పట్టలే గదా?"

"పట్టలె" అన్నాడు.

"తాళం ఎవరి దగ్గరున్నది?"

"నా దగ్గరనే."

"మేకులు ఊడినయా?"

"లేదు."

"మరి కట్టె ఎవలెత్తుకపోయిండ్రు?"

పెద్ద పంచ్ ముసలాయన నెమ్మదిగా "నీళ్లు పోయినయి జనార్దన్. అంతే గదా" అన్నాడు. నా ఒళ్లు మండిపోయింది. "ఈ మాట ఆనాడు నీ నోట్ల ఎందుకు లేకుండె తాతా?" అన్నాను. ఆయన కాలి వేళ్లు చూసుకున్నాడు. అందరూ చూసుకున్నారు. అన్నేళ్లకూ అవే వేళ్లు.

సేఠ్ లేచి గొణిగాడు. "వినబడలె సేఠ్" అన్నాను. మళ్లీ అన్నాడు. "బయట చెప్పుల దగ్గరున్నోళ్లకు వినబడలె" అన్నాను. అప్పుడు గట్టిగా అన్నాడు. "పోయింది నీళ్లే. రాజారాం నూలు తియ్యలె. రాజారాం దొంగ కాదు."

ఇంటికొచ్చి దోనె ముందు కూర్చుని ఆ మాట నేను ఇంకోసారి చెప్పాను. వినవలసిన మనిషి లేడు. అప్పుడు ఏడుపొచ్చింది, ఎండిపోయిందనుకున్న ఏడుపు.

ఏడ్చాక కోపం మళ్లీ వచ్చింది. ఆయన ఆ సాయంత్రమే చౌక్‌లో పాన్ నములుతూ ఎవరితోనో నవ్వుతున్నాడట. ఒక్క మాట అని ఉమ్మేసినట్టు పోయాడు. మీ బావ తల దించుకుని ఎన్నాళ్లు తిరిగాడు, ఈయన ఒక్క పూట. నాకు చాలదు అన్నా. నువ్వు మాట ఇచ్చావు కాబట్టి వచ్చి నేల బాగు చెయ్యి. కానీ ఆయన కూర్చునే చోటు ముందు ఒక్క సందు వదిలెయ్యి. రోజూ చూడాలి.

నీ చెల్లెలు
ద్రౌపది


బల్లార్షా,
మే 1992

చెల్లెలికి దీవెనలు.

వచ్చే వారం బయల్దేరుతున్నాను. సందు వదలను. నా పనిలో సందు ఉండదు.

కానీ తలుపు ముందు నాలుగు వేళ్ల పట్టీ కావాలని రాశాను కదా. అది ఎన్నో ఏళ్లు సోలాపూర్ గాలికే ఎండిన టేకు అయి ఉండాలి. అలాంటిది నా అడితిలో లేదు. నీ గోడ మీద ఉంది.

మగ్గానికి కాలు తగిలితే మన కులంలో ఏం చేస్తారో సేఠ్‌కు వేరే చెప్పక్కర్లేదు. ఆయనా నేతగాడి కొడుకే. ఆ తలుపు దాటకుండా హాల్లోకి ఇంకో దారి లేదు.

దాన్ని వదులుకోవడం నీకు ఎంత కష్టమో తెలుసు. నువ్వు ఇస్తేనే రంపం పెడతాను.

నీ అన్న
సిద్ధరాములు


దాజీ పేట్, సోలాపూర్,
జూలై 1992

అన్నకు నమస్కారాలు.

నువ్వు పోయిన నాటి నుంచి రాద్దామనుకుంటూనే ఉన్నాను. పెళ్లి హడావిడి, తర్వాత వానలు. నీ నేల మీద వాన చినుకంత మచ్చ లేదు. భీవండి వాళ్లు కూడా మెచ్చుకున్నారు.

చివరి మేకు కొట్టి "సేఠ్, గడప కాడ ఉన్నది రాజారాం మగ్గం దోనె" అని నువ్వు పంచుల ముందు చెప్పినప్పుడు ఆయన మొహం చూశావు కదా. "తీసెయ్" అన్నాడు, "తీస్తె సందు మిగుల్తది" అన్నావు. నువ్వు రైలెక్కాక ఏం జరిగిందో సుందరాబాయి చెప్పింది.

మొదట రెండు రోజులు పెద్ద అంగ వేసి దాటాడట. ధోవతితో, ఆ పొట్టతో ఎన్నిసార్లు దాటుతాడు? మూడో రోజు మడమ తగిలింది. అటూ ఇటూ చూశాడట, కొత్త కోడలు చూస్తోంది. వంగి, దోనెను ముట్టుకుని, కళ్లకద్దుకున్నాడు. ఆ పిల్ల మామగారికి భక్తి అనుకుని తానూ అద్దుకుంది. ఇప్పుడు ఇంట్లో అందరికీ అదే అలవాటు. హాల్లోకి పోతూ వంగాలి, వస్తూ వంగాలి. దాని మీద చాదర్ పరుద్దామనుకున్నాడట. దోనె మీద కాళ్లు తుడిచే గుడ్డ వేస్తావా అని ఆయన ముసలి తల్లే తిట్టిందట.

నిన్న పోళీల గిన్నె ఇచ్చే నెపంతో నేనే మాడీ మెట్లెక్కాను. ఆయన హాల్లోంచి వస్తున్నాడు. నన్ను చూసి తలుపు దగ్గర ఆగాడు. వెనక్కి పోలేడు, నేను చూశాను. ముందుకు రావాలంటే వంగాలి. ధోవతి అంచు ఎత్తి పట్టుకున్నాడు. తర్వాత నా ఎదురుగానే నడుం వంచి, మీ బావ దోనెకు చెయ్యి ఆనించి, కళ్లకద్దుకున్నాడు. ఆయన నడినెత్తి అంతా పలచబడింది అన్నా, అప్పటిదాకా నాకు తెలియదు.

మెట్లు దిగుతుంటే సుందరాబాయి వెనకే వచ్చి నా చెయ్యి పట్టుకుంది. "ద్రౌపదీ, ఇగనన్న మన్నించరాదా ఆయన్ని?" అంది.

"వంగుతున్నడు గదా వదినా" అన్నాను. "వంగనీ."

మా గోడ మీద ఇప్పుడు రెండు మేకులే మిగిలాయి. వాటికి తునికాకు సంచి తగిలించుకున్నాను.

నీ చెల్లెలు
ద్రౌపది